మాటల మందు

మందుల కిటికీ వెనక ముప్పై ఏళ్ళు కూర్చున్నవాడికి మనుషుల మొహాలు గుర్తుండవు. చేతులు గుర్తుంటాయి. మా ఆస్పత్రి కిటికీని ఎవరు కట్టించారో గానీ, నేను స్టూలు మీద కూర్చుంటే అవతలివాళ్ళు భుజాల నుంచి నడుము దాకా మాత్రమే కనిపించేవారు. చీటీ లోపలికొచ్చేది, మందు బయటికెళ్ళేది. "రోజుకి మూడుసార్లు, తిన్నాక" అనేవాణ్ణి. ఆ మాట ఎవరికి చెబుతున్నానో వంగి చూసిన రోజులు తక్కువ. సంత రోజయితే అసలు లేవు.

నా ఆర్డరు కాగితంలో ఫార్మసిస్టు అని ఉండేది. కొండల మీద డాక్టర్లు తప్ప నన్నామాటతో పిలిచినవాళ్ళెవరూ లేరు. కంపౌండరు బాబునే.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎక్కడ కనిపించినా నన్నొక ప్రశ్న అడుగుతున్నారు. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులకీ ఆటిజానికీ సంబంధం ఉందట కదా సార్, ఫలానా పొడి వాడితే పిల్లలు మారుతున్నారట కదా సార్, అని. మొన్నొక పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నప్పుడు కూడా ఒక కుర్రవాడిది ఇదే ప్రశ్న. నాకు చిర్రెత్తుకొచ్చింది. తప్పు ఆ కుర్రవాడిది కాదు. అదే ప్రశ్న నేను ఇరవై ఏళ్ళ కిందట అరకులోయకి అవతల, ముంచింగిపుట్టు వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న ఆస్పత్రిలో విన్నాను. విని నేను చేసిన నిర్వాకం గుర్తొచ్చి చిరాకు. అందుకని పెళ్ళిలో చెప్పకుండా దాటేసింది ఇక్కడ రాస్తున్నాను. ఓపికుంటే చదవండి.

రెండువేలు దాటిన తొలి ఏళ్ళు. ఆస్పత్రికి ఒక డాక్టరు, ఒక నర్సు, నేను, ఊడ్చే మనిషి, ఒక జీపు. జీపుని లెక్కలో వేయకపోయినా ఫరవాలేదు, అది ఎప్పుడూ ఎక్కడికో వెళ్ళే ఉండేది. నర్సు ఆ కొండల్లోనే పుట్టిన మనిషి. మిషన్ హాస్టల్లో చదువుకుంది. మేమందరం సిస్టరమ్మా అనేవాళ్ళం. తక్కువ మాట్లాడేది. మాట్లాడిందంటే మాత్రం మనకి నచ్చని మాటే.

డాక్టరు గారు గుంటూరు వైపు కుర్రాడు. మొదటి పోస్టింగు. అంతకు ముందు వచ్చినవాళ్ళు వచ్చిన రోజు నుంచే ట్రాన్స్‌ఫర్ కోసం తిరిగేవారు. ఈయన పెట్టె దించి క్వార్టర్లో కాపురం పెట్టాడు. కప్పు కారుతుంటే బకెట్టు పెట్టుకుని దాని పక్కనే కూర్చుని చదివేవాడు. ఆయనతో నాకున్న ఒకే ఒక ఫిర్యాదు అదే. చదివేవాడు. చదివింది మాకు చెప్పేవాడు. చెప్పింది వెంటనే చేసి చూడాలనేవాడు.

ఒక వానాకాలం ఒక తల్లి ఆరేళ్ళ కూతుర్ని తీసుకొచ్చింది. రెండు కొండలవతల ఊరు. సగం దూరం నడక, సగం దూరం సరుకుల జీపు. పిల్లకి దగ్గు, జ్వరం, ఆయాసం. నేను పిల్లని చూడలేదు గానీ విన్నాను. ఆస్పత్రి మొత్తం విన్నది. ఎవరో కోస్తున్నట్టు ఏడుపు. మధ్యలో దబ్ దబ్ మని చప్పుడు. అది ఆ పిల్ల బల్లకేసి తల కొట్టుకుంటున్న చప్పుడని తర్వాత తెలిసింది. మాటలు లేవు, పిలిస్తే పలకదు, తల్లి మొహం కూడా చూడదు, ముట్టుకుంటే గింజుకుంటుంది. ఊళ్ళో దిసారి, అంటే వాళ్ళ వైద్యుడూ జోస్యుడూ అన్నీ ఆయనే, ‘గుంట కడుపులో ఏదో కూకున్నాది’ అని చెప్పి కోడిని కోయించాడట. మేము నవ్వుకున్నాం.

డాక్టరు గారు దగ్గుకి ఎరిత్రోమైసిన్ సిరప్ రాశాడు, పది రోజులకి. నేనిచ్చాను.

మూడు వారాల తర్వాత కిటికీలోంచి ఖాళీ సీసా ఒకటి లోపలికొచ్చింది. శుభ్రంగా కడిగిన సీసా.

"ఇదే మందు ఇయ్యి బాబూ."

"దగ్గు తగ్గలేదా?"

"దగ్గు పోనాది. గుంట నన్ను సూసినాది."

నాకర్థం కాలేదు. ఆమె కిటికీ దగ్గరికి వంగి మొహం చూపించి మళ్ళీ చెప్పింది. మందు తాగిన నాలుగో రోజు నుంచి పిల్ల ఏడుపు మానేసిందట. తల కొట్టుకోలేదట. పక్కన కూర్చుందట. ఒకరోజు వేలు పట్టుకుని మొహంలోకి చూసిందట. "ఆరేళ్ళయినాది బాబూ, నా మొగాన సూడనేదు. ఇప్పుడు సూసినాది. మందయిపోనాది, మల్లీ పాత సోద్యమే."

నేను ఆమెని డాక్టరు గారి దగ్గరికి పంపాను. అక్కడితో నా పని అయిపోవలసింది.

ఆయన అరగంట తర్వాత మందుల గదిలోకి పరుగున వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూస్తే నాకు భయమేసేది, ఎందుకంటే తర్వాత పని నా మీద పడుతుంది.

"ఫార్మసిస్టు గారూ, ఈ పిల్లది ఆటిజం. నాకు ముందే అనుమానం వచ్చింది. పేగుల్లో సూక్ష్మజీవులకీ ఇలాంటి పిల్లల ప్రవర్తనకీ సంబంధం ఉండొచ్చని విదేశాల్లో కొందరు అనుకుంటున్నారు. యాంటీబయాటిక్ ఇస్తే కొన్నాళ్ళు మెరుగుపడి, ఆపేస్తే మళ్ళీ మొదటికొచ్చిన పిల్లలు ఉన్నారట. అచ్చం ఇలాగే!"

ఆటిజం అనే మాట నేను వినడం అదే మొదలు. ఆ మాటకి మా దగ్గరున్న ఏ ఫారంలోనూ గడి లేదు. అంతకు ముందే పిల్లని ఎవరో విశాఖపట్నం పెద్దాస్పత్రికి పంపితే అక్కడ బుద్ధిమాంద్యం అని ఒక్క ముక్క రాసి పంపేశారు, పోయిన ఏడాదిట. తల్లి ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో దాచుకుని తిరిగేది. అందులో ఏముందో ఆమెకి ఎవరూ చదివి చెప్పలేదు. చదివితే మాత్రం ఏం తెలిసేది, అది వేరే సంగతి.

డాక్టరు గారికి మలం పరీక్ష చేయించాలనిపించింది. పిల్ల పేగుల్లో ఏ సూక్ష్మజీవులున్నాయో తెలియాలట. మా ఆస్పత్రిలో మైక్రోస్కోపు ఉంది, దాని మీద కప్పిన గుడ్డ తీసి చూసినవాళ్ళు లేరు. అప్పుడు నేను మందుల కోసం విశాఖపట్నం వెళ్ళాల్సి ఉంది. ఇంకేం. కెమెరా రీలు వచ్చే చిన్న నల్ల డబ్బాలో నమూనా పెట్టి, దాన్ని ఐసు ముక్కలున్న ఫ్లాస్కులో పెట్టి, నా ఒళ్ళో పెట్టారు. నేను కిరండూల్ పాసింజర్‌లో బయల్దేరాను. సొరంగాలొచ్చినప్పుడల్లా ఫ్లాస్కుని రెండు చేతులా పట్టుకున్నాను. ఎదుటి సీట్లో పెద్దమనిషి చాలాసేపు దాన్నే చూసి, "అరకు నుంచా? మంచి తేనేనా మాస్టారూ, ఓ చెంచాడు రుచి చూపిస్తారా?" అన్నాడు. నేను ఏం చెప్పానో ఇక్కడ రాయను.

లాబ్‌లో గుమస్తా కాగితం చూసి నన్ను చూశాడు. ‘పేగు సూక్ష్మజీవులు, ప్రవర్తనతో సంబంధం’ అని డాక్టరు గారు ఇంగ్లీషులో నాలుగు వరసలు రాశాడు. రెండు వారాలకి జవాబొచ్చింది. పురుగులు లేవు, గుడ్లు లేవు. అంతే. వాళ్ళకి చూడ్డం వచ్చింది వాళ్ళు చూశారు. డాక్టరు గారు ఆ కాగితం నా మీదకి విసిరి, "వీళ్ళని అడిగింది ఏమిటి, చెప్పింది ఏమిటి!" అని రోజంతా గొణిగాడు. నేను ఆ రోజు ఆయనవైపే మాట్లాడాను. మేము అడగాల్సింది అసలు లాబ్‌ని కాదని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

రెండోసారి సిరప్ ఇచ్చాడు. పిల్ల మళ్ళీ కుదుటపడింది. తల్లి ఈసారి దాన్ని వెంటబెట్టుకునే వచ్చింది. నేను కూడా మందుల గది వదిలి బయటికొచ్చి చూశాను. సన్నటి పిల్ల. పొట్ట మాత్రం కొంచెం ఎత్తుగా ఉంది. ఆ కొండల్లో పిల్లల పొట్టలు ఎత్తుగా ఉండడం వింత కాదు, అందుకే అది నాకు కనబడలేదు. తల్లి కొంగు చివర పట్టుకుని దారప్పోగులు ఒక్కొక్కటీ లాగుతూ అరుగు మీద నిమ్మళంగా కూర్చుంది. డాక్టరు గారు నోటుబుక్కులో రాసుకున్నాడు. నిజం చెబుతున్నాను, నాకూ గుండె పొంగింది. ఈ మూల, ఈ కారే కప్పు కింద, మేమేదో పెద్ద సంగతి కనిపెట్టేశామనిపించింది.

ఆ సంగతి సంతలో పాకింది. ‘మాటల మందు’ అని పేరు కూడా పెట్టేశారు. చెవుడున్న పిల్లల్ని తెచ్చారు, నత్తి ఉన్నవాళ్ళని తెచ్చారు. ఒకావిడ, "మా మావకి మాటలు తగ్గే మందుంటే సూడు బాబూ" అంది. అందరికీ లేదు లేదు అని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఆ తల్లికి మాత్రం లేదనలేదు. అప్పటికి చీటీ ఉంది కాబట్టి.

ఆ ఎండాకాలం డాక్టరు గారికి పీజీ సీటొచ్చింది. వెళ్ళేముందు నన్ను పిలిచి చెప్పాడు. "ఇది ఇంకా ఊహ మాత్రమే. ఒక్క పిల్లని చూసి ఏమీ తేల్చలేం. ఇకమీదట ఊరికే యాంటీబయాటిక్ ఇవ్వొద్దు." బాగానే చెప్పాడు. కానీ నాకు చెప్పాడు. ఆ తల్లికి మాత్రం, "చూద్దామమ్మా" అన్నాడు. చూద్దాం అంటే మనూళ్ళో అర్థం లేదనే కదా. కొండ మీది మనిషికి చూద్దాం అంటే చూస్తాం అనే. ఆమె చూడ్డానికి వచ్చింది. సంత తప్పించి సంతకి వచ్చేది.

కొత్తగా వచ్చిన డాక్టరు మూడు ఆస్పత్రులకి ఇన్‌ఛార్జి. అంటే ఏ ఆస్పత్రిలోనూ ఉండడు. ఎరిత్రోమైసిన్ సిరప్ నిండుకుంది. మొదటిసారి నేను ఆమెకి గట్టిగానే చెప్పాను, లేదమ్మా, ఇవ్వకూడదమ్మా అని. ఆమె కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. వెనక వరస పెరిగిపోయింది. ఎవరో అరుస్తున్నారు, ఎవరో తోస్తున్నారు. ఆమె ఖాళీ సీసా పట్టుకుని, "డాట్రుబాబు ఇచ్చినాడు గదా, నువ్వేల ఇయ్యవు?" అంటుంది. అరవదు, ఏడవదు. అదే మాట అదే గొంతుతో మళ్ళీ మళ్ళీ. ఆమెకి లేదని చెప్పాలంటే పది నిమిషాలు పట్టేది. ఇవ్వాలంటే అర నిమిషం చాలు.

మూడో సంతకి నేను అర నిమిషం పని చేశాను. ఆంపిసిలిన్ బిళ్ళలు ఉన్నాయి. అదీ సూక్ష్మజీవుల్ని చంపేదే, ఇదీ చంపేదే, ఏదైతేనేం అనుకున్నాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను అనుకున్న మాటలన్నిటిలోకీ సిగ్గుపడే మాట అదే. "రోజుకి మూడు" అన్నాను. తల ఎత్తలేదు.

సిస్టరమ్మ చూసింది. జనం వెళ్ళిపోయాక వచ్చి నిలబడింది.

"సార్, ఆ గుంటకి ఏ జబ్బుకని ఇచ్చారు?"

"డాక్టరు గారు వాడిందే కదా."

"ఆయన వాడింది ఇది కాదు. ఆయన లేడు కూడాను."

"నువ్వు కూర్చో సిస్టరమ్మా ఈ కిటికీ దగ్గర. నువ్వు చెప్పు ఆమెకి లేదని" అన్నాను. ఆ తర్వాత రెండు సంతలకీ కూడా నేను ఇచ్చాను.

అసలు రోజు అప్పుడొచ్చింది. అదీ సంత రోజే. పొద్దున్న పదకొండు గంటలు. ఇన్‌ఛార్జి డాక్టరు పాడేరులో మీటింగుకి వెళ్ళాడు, జీపు ఆయనతో వెళ్ళింది. వరండా నిండా జనం. వాళ్ళని చీల్చుకుంటూ ఒకడు వీపున గుడ్డతో కట్టిన పిల్లని మోసుకొచ్చాడు. వెనక ఆ తల్లి. ఆ పిల్ల ఏడవడం లేదు. మొదటిసారి ఆ పిల్ల ఏడిస్తే బాగుండునని అనుకున్నాను.

నేను కిటికీ మూసేసి వెళ్ళాను. కళ్ళు లోపలికి పోయాయి. పెదాలు ఎండిపోయాయి. సిస్టరమ్మ పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలబడింది. రెండు రోజులుగా నీళ్ళ విరోచనాలట.

"మందేమైనా వేశావా?" అంది సిస్టరమ్మ.

తల్లి నా వైపు చూపించింది. "కంపౌండరు బాబిచ్చినదే. ఒకటేసి ఏత్తే గుంట సూడనేదు. రెండేసి ఏసినాను."

వరండాలో జనం అందరూ విన్నారు. సిస్టరమ్మ నా మొహం చూడలేదు. అది నా మీద జాలో, లేక పనిలో ఉండడం వల్లో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

సెలైన్ పెట్టాలని చూస్తే నరం దొరకలేదు. సూది గుచ్చితే ఎక్కడలేని బలమొచ్చి పిల్ల గింజుకుంది. నాలుగు చోట్ల గుచ్చాం. నేను కాళ్ళు పట్టుకున్నాను. మోసుకొచ్చిన తండ్రి పట్టుకోలేక బయటికి పోయాడు. ఓఆర్ఎస్ పొడి కలిపి చెంచాతో పట్టబోతే పళ్ళు బిగించేసింది. ఆ కలిపిన నీళ్ళు నారింజ రంగువి. బలవంతంగా పోస్తే ఉమ్మేసింది. నేను జీపు కోసం ఫోన్ చేద్దామని పోస్టాఫీసుకి పరిగెత్తాను. లైను లేదు. రోడ్డు మీదకి పోయి కూరగాయల లారీని ఆపాను. డ్రైవరు లోడ్ దించి గంటలో వస్తానన్నాడు. ఆ గంట ఎంత పొడుగో ఆ గదిలో ఉన్నవాళ్ళకే తెలుసు.

తిరిగొచ్చేసరికి సిస్టరమ్మ తల్లి పక్కన నేల మీద కూర్చుని నెమ్మదిగా మాట్లాడుతోంది. ఊళ్ళో పక్కింటి మనిషిని పలకరించినట్టు.

"ఈ గుంట ఏటి తింటాది అక్కా?"

"తెల్లగుంటేనే తింటాది. కోటా బియ్యం అన్నం, ఉప్పు. అంతే. రాగి అంబలి పోత్తే ఇసిరేత్తాది. కూర పడితే కంచం తోసేత్తాది. చిన్నప్పటి నుంచీ అంతే."

సిస్టరమ్మ లేచి ఊడ్చే మనిషి ఇంటికి పోయింది. పొయ్యి మీదున్న అన్నం గంజి తెచ్చింది. ఉప్పు వేసి చల్లార్చి గ్లాసులో పోసి, పిల్ల నోటికి పెట్టలేదు. కంటికెదురుగా పెట్టింది. మేమందరం చూస్తూ కూర్చున్నాం. పిల్ల గ్లాసుని చాలాసేపు చూసింది. తర్వాత నోరు తెరిచింది.

చెంచా తర్వాత చెంచా. లారీ వచ్చింది. పిల్ల గంజి తాగుతోందని, కాస్త ఆగుదామని సిస్టరమ్మ అంది. డ్రైవరు ఆగాడు. అతని పేరు కూడా నేనడగలేదు, సంతలో దించాల్సిన సరుకు ఇంకా మిగిలే ఉన్నా గేటు దగ్గర బీడీ కాలుస్తూ రెండు గంటలు నిలబడ్డాడు. మధ్యాహ్నం మూడింటికి పిల్ల తల్లి చీర తడిపింది. ఉచ్చపోసిందని సంతోషించే ఉద్యోగం మాదొక్కటే. సిస్టరమ్మ అప్పుడు మొదటిసారి వెనక్కి జారబడి కూర్చుంది.

అలా కూర్చునే, ఊరికే అడిగినట్టు అడిగింది. "ఈ విరోచనాలకి ముందు దొడ్డికి రోజూ ఎళ్ళేదా?"

"రోజూనా? తొమ్మిది రోజులకోపాలి, పది రోజులకోపాలి. మేక పెంటికల్లాగ. ఆ రోజు సూడాల గుంట ఏడుపు. తల కొట్టుకుంటాది."

"ఆ తెల్ల సిరప్ తాగినప్పుడో?"

"అప్పుడు రోజూ ఎళ్ళేది. మెత్తగా."

నేను గోడకి చేరబడ్డాను. తర్వాత నేనే అడిగాను, కోపంగానే అడిగాను, ఆ కోపం ఎవరి మీదో నాకే తెలియకుండా.

"ఇన్నిసార్లు వచ్చావు కదమ్మా. ఈ మాట ఒక్కసారైనా చెప్పలేదేం?"

ఆమె నా వైపు తిరిగింది. "ఎవులడిగినారు?"

నిజమే. ఎవరూ అడగలేదు. డాక్టరు గారు ఆ పిల్ల పేగుల్లో కంటికి కనిపించని జీవుల గురించి రాత్రింబవళ్ళు చదివాడు. నేను ఆ పేగుల నుంచి వచ్చినదాన్ని ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను. ఆ దిసారి కూడా కడుపులో ఏదో ఉందనే అన్నాడు. అందరి వేలూ కడుపు మీదే. ఆ కడుపు నొప్పిగా ఉందా అని మాత్రం ఎవరం అడగలేదు. ఆ పిల్ల చెప్పలేదు. తల్లికి చెప్పేంత చోటు నా కిటికీలో లేదు.

ఎరిత్రోమైసిన్ పేగుల్ని కదిలిస్తుందని, కొంతమందికి విరోచనం సాఫీగా అయ్యేలా చేస్తుందని తర్వాత పాడేరులో ఒక పెద్ద డాక్టరు చెప్పాడు. నాకు పుస్తకంలో చదివిన గుర్తుంది. చదివిన గుర్తు ఎంత పనికొస్తుందో చూశారుగా. బహుశా ఆ పది రోజులూ పిల్ల కుదుటపడింది నొప్పి లేక. నొప్పి లేనివాళ్ళు ఎదుటివాళ్ళ మొహం చూస్తారు. దాన్ని మేము మందు మహిమ అనుకున్నాం, మాట అనుకున్నాం. నేను బహుశా అన్నాను, గమనించండి. సూక్ష్మజీవుల పాత్ర అందులో లేదని చెప్పడానికి నేనెవర్ని? పెద్ద పెద్దవాళ్ళు ఇంకా వెతుకుతున్నారు. వెతకనివ్వండి. వాళ్ళు తేల్చేలోపల మీరు బిళ్ళలు పంచకండి, అంతే నేను చెప్పేది.

పీజీకి వెళ్ళిన మా డాక్టరు గారికి ఉత్తరం రాశాను. కొంచెం కోపంగానే. జవాబు రాదనుకున్నాను. వచ్చింది. నాలుగు పేజీలు, మూడు పేజీల్లో తనని తాను తిట్టుకున్నాడు. నాలుగో పేజీలో ఆ పిల్లకి ఏమేం ఇవ్వాలో వివరంగా రాశాడు. మంచివాడు. మంచివాడు కావడం వల్లే నాకు ఇంకా చిరాకు. చెడ్డవాడైతే మొత్తం ఆయన మీదే తోసేసి హాయిగా ఉండేవాణ్ణి.

పిల్లని మూడు రోజులు ఆస్పత్రిలోనే ఉంచాం. ఇన్‌ఛార్జి డాక్టరు వచ్చి, విషయం విని, నన్ను లోపలికి పిలిచి తలుపేశాడు. ఆయన అన్న మాటలు నాకు తగినవే. మెమో ఇచ్చాడు, జవాబు రాశాను. జవాబులో ‘పొరపాటున’ అని రాసి కొట్టేశాను. పొరపాటు ఒకసారి జరుగుతుంది. నేను మూడు సంతలు ఇచ్చాను.

తర్వాత పని అంతా సిస్టరమ్మదే. మలబద్ధకం వదలడానికి మందు, తాగే నీళ్ళు లెక్కగా, తిండి. ఆ తిండి దగ్గరే అసలు యుద్ధం. ఆకుకూర పచ్చగా ఉంటుంది, పిల్ల తినదు. బొప్పాయి ఎర్రగా ఉంటుంది, పిల్ల తినదు. సిస్టరమ్మ నెలకొకసారి ఆ పిల్ల ఊరు పోయినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకెళ్ళేది. ఉడికించి తొక్కు తీసిన తెల్ల చిలగడదుంప అన్నంలో మెదిపి పెట్టడం తల్లి కనిపెట్టింది. మొదట చిటికెడు, తర్వాత ముద్ద. నాలుగు నెలలు పట్టింది. ఏడుపు చాలామటుకు తగ్గింది. తల కొట్టుకోవడం మానేసింది. నిద్రపోతోందట. మాట మాత్రం రాలేదు.

నన్ను మరుసటేడు చింతూరు వైపు బదిలీ చేశారు. ఆ తల్లి ఆ ఏడాదంతా ఆస్పత్రికి వచ్చినా నా కిటికీకి రాలేదు. సిస్టరమ్మ చేతి నుంచే మందు తీసుకునేది. నేనూ వెళ్ళి పలకరించలేదు. ఏమని పలకరించను?

కొన్నేళ్ళ తర్వాత ఇన్‌స్పెక్షను పని మీద ముంచింగిపుట్టు వెళ్ళాను. సంత. పసుపు కొమ్ముల కుప్పల పక్కన ఆమె కనిపించింది. నేను గుర్తుపట్టలేదు, ఆమే పిలిచింది. పక్కన పొడుగ్గా ఎదిగిన పిల్ల. పన్నెండేళ్ళుంటాయి. పసుపు కొమ్ములు ఏరి ఒకే సైజువి వరసగా పేరుస్తోంది. ఎవరైనా బేరం చేస్తూ ఒకటి తీస్తే, వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, ఆ ఖాళీలో ఇంకోటి పెడుతోంది. వంకర లేకుండా.

"బాగుందా?" అన్నాను.

"నొప్పి నేదు. తింటాది. ఇప్పుడు నన్ను సూత్తాది." తూకం రాయి తీస్తూ అడిగింది. "మాటెప్పుడొత్తాది బాబూ?"

ఇన్నేళ్ళూ నా నోట్లో రెడీగా ఉండే మాటలు చాలానే ఉన్నాయి. వస్తుందిలే. చూద్దాం. పెద్దాస్పత్రికి తీసుకెళ్ళు. ఆ రోజెందుకో ఒక్కటీ నాలుక మీదకి రాలేదు.

"నాకు తెలీదమ్మా. డాక్టర్లకి కూడా తెలీదు. రావచ్చు, రాకపోవచ్చు" అన్నాను.

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమెకి కోపమొచ్చింది. తూకం రాయి చేతిలో పట్టుకునే నన్ను ఎగాదిగా చూసింది.

"ఈ మాట అప్పుడే సెప్పలేకపోనావా? గుంటని ఈపునేసుకుని అన్నిపాల్లు కొండ దిగకపోదును గదా!"

అని ఇంకో బేరం వస్తే అటు తిరిగిపోయింది.